చలికాలమునకు ఫోర్‌వీల్ జీపు చక్రములను, టైర్లను సిద్ధపరచుకొనుట

మార్గశిరము వచ్చినది. వానకాలపు పంటలు ఇండ్లకు చేరుచున్నవి. యాసంగి దుక్కులును సాగుచున్నవి. ఈ రెండు మూడు మాసములలో మన సంఘమువారి పెద్ద జీపునకు విశ్రాంతి యన్నది లేదు. తెల్లవారకముందే విత్తనపు సంచులతో నల్లరేగడి డొంకలలో బురద దాటవలెను. మరునాడు సంఘపు కాగితములతో హైదరాబాదు చేరి, ట్రూప్ బజారులోని రాష్ట్ర సహకార అపెక్సు బ్యాంకులోను, పబ్లిక్ గార్డెన్సు కెదురుగా నున్న హాకా భవనములోను పనులు చూచుకొని రాత్రికి మరల ఊరు చేరవలెను. జనవరి 1వ తేదీన నాంపల్లి మైదానములో నుమాయిషు తెరచినచో ఇంటివారి బలవంతము వేరు. ఏడుగురు కూర్చుండవలసిన బండిలో పదునలుగురు కూర్చుందురు.

ఇంత పనిచేయు బండికి ఇంజను నూనె మార్చువారు కలరు. అద్దములు తుడుచువారును కలరు. కాని ఆ బండి యంతయు నేలకు ఆనియుండునది నాలుగు టైర్ల మీదనే యనియు, ఒక్కొక్క టైరు నేలను తాకునది మనము చేయి విప్పి పెట్టినంత చోటు మాత్రమే యనియు తలచువారు తక్కువ.

వ్యవసాయ ప్రదర్శకునకు టైర్ల ముచ్చట యెందుకని కొందరు నవ్వవచ్చును. మన తాతలు బండిచక్రమును చూచుకొన్నట్లు మనము టైరును చూచుకొనుట లేదు గనుక ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఎండకాలమున కఱ్ఱ యెండి కుదించుకొని చక్రము మీది యినుప పట్టా వదులగునని వారికి తెలియును. అందుచే చక్రములను చెరువులో నానవేసెడివారు. ప్రయాణమునకు ముందు ఇరుసు శీలను చేతితో తట్టి చూడక బండి కట్టెడివారు కారు. కఱ్ఱచక్రమునకు గండకాలము వేసవి. గాలిచక్రమునకు వేసవితో పాటు చలికాలమును గండకాలమే. ఆ సంగతి మనకింకను అలవాటు కాలేదు. 1888లో డన్‌లప్ అను పశువైద్యుడు బెల్ఫాస్టు నగరములో తన కుమారుని మూడు చక్రముల సైకిలునకు గాలి నింపిన రబ్బరు గొట్టమును చుట్టెను. ఆయన పేరే నేడు మన యూళ్లలో డన్‌లప్ బండికి నిలిచియున్నది. చక్రము మారినది గాని చక్రమును చూచుకొను నేర్పు వెనుకబడినది.

మొదట మనకు అక్కరలేని దానిని చెప్పి విడిచెదను. మంచు కురియు దేశములలో నవంబరు రాగానే బండ్లకు వేరు టైర్లు తొడుగుదురు. మన పల్లెలనుండి అమెరికాలోని మిషిగనుకు, మిన్నెసోటాకు పోయిన పిల్లలు ఫోనులో ఈ సంగతి చెప్పుచునే యుందురు. వేడిమి 7 డిగ్రీలకు తగ్గినప్పుడు సామాన్యమైన టైరు రబ్బరు బిఱుసెక్కి పట్టు సడలును. అందుచే అక్కడ మెత్తని రబ్బరుతో చేసిన టైర్లను వాడుదురు; వానిమీద కొండ బొమ్మయు, అందులో మంచుపువ్వు గుర్తును ఉండును. మంచు కరగుటకు రోడ్లపై ఉప్పు చల్లుదురు గనుక అక్కడి రిమ్ములు త్రుప్పు పట్టును. మనకీ బెడద లేదు. హైదరాబాదులో ఇంతవరకు నమోదైన మిక్కిలి చలి 6.1 డిగ్రీలు, అదియు 1946 జనవరిలో. మంచుటైరును తెచ్చి మన యెండలో త్రిప్పినచో ఆ మెత్తని రబ్బరు త్వరలో అరిగిపోవును. కావున ఎవరైనను చలికాలపు టైరని చెప్పి యెక్కువ వెల యడిగినచో మన సభ్యులు నమస్కారము చేసి వెలుపలికి రావలెను.

మన చలికాలపు చిక్కు వేరు. తెల్లవారుజామున 12 డిగ్రీలుండి మధ్యాహ్నమునకు 30 డిగ్రీలకు ఎక్కుటయే ఆ చిక్కు. నేను చదివిన మిషను పాఠశాలలో మా ఉపాధ్యాయులొకరు ఫుట్‌బాలు లోపలి తిత్తిని తెల్లవారుజామున సగము గాలితో నింపి మూతి కట్టి వరండా మెట్టుమీద పెట్టించెడివారు. ప్రార్థనకు పోవునప్పుడు అది ముడుతలు పడియుండును. మధ్యాహ్నము గంట కొట్టునప్పటికి దాని ముడుతలు చాలవరకు విప్పుకొని, కడుపు నిండిన కప్పవలె నుబ్బి కనబడును. ఎవ్వరును దానిలో మరల గాలి ఊదలేదు. వేడికి గాలి విరియును, చలికి కుదించుకొనును అను పాఠము మాకు ఆ తిత్తియే చెప్పినది. టైరులో నున్నదియు ఆ గాలియే.

లెక్క యిది. జీపు టైరులో చలి సుమారు 6 డిగ్రీలు పెరిగినప్పుడెల్ల గాలి ఒత్తిడి ఒక పౌను తగ్గును. గాలి నింపువారు దీనినే ఒక పాయింటందురు. మధ్యాహ్నము దూరము నడచి వచ్చి కాగియున్న టైరునకు 35 పౌనులు చూచి నింపించుకొన్నామనుకొనుడు. అప్పుడు లోపలి గాలి వేడి 45 డిగ్రీలుండవచ్చును. ఆ బండియే మరునాటి తెల్లవారుజామున 12 డిగ్రీల చలిలో నిలిచియున్నప్పుడు ఆ టైరులో మిగులునది సుమారు 30 పౌనులే. మేకు దిగలేదు, ఎవ్వరును గాలి తీయలేదు. ఐనను అయిదు పౌనులు పోయినవి. ఆ టైర్ల మీదనే పదునలుగురిని ఎక్కించుకొని జాతీయ రహదారి పట్టుదుము.

గాలి తగ్గిన టైరు ఎందుకు పగులునో తెలిసికొనవలెను. చక్రము తిరిగిన ప్రతిమాఱును టైరు ప్రక్కలు నేలవద్ద వంగి, పైకి పోవునప్పుడు మరల నిటారగును. గాలి తక్కువైనకొలది ఈ వంపు ఎక్కువగును. ఇనుప తీగెను పదిమాఱులు వంచి విప్పినచో వంచినచోట వేడెక్కును గదా! టైరును అట్లే. నిమిషమునకు కొన్ని వందల మాఱులు వంగి, లోపల రబ్బరునకును దారపు పొరలకును గల అంటు విడివడును. వెలుపలికి ఏమియు కనబడదు. పటాన్‌చెరు దాటిన పిమ్మట రోడ్డు విశాలముగ నున్నదని వేగము పెంచునప్పుడు అది పగులును. చలికాలమున టైరు చల్లగా నుండును గనుక పగులదని మనవారనుకొనుట పొరపాటు. ఉదయపు చలిలో గాలి తగ్గుటయు, అటుపిమ్మట బరువుతో పరుగెత్తుటయు కలిసి ఆ ప్రమాదమును తెచ్చును.

అందుచే గాలిని తెల్లవారుజామున, బండి కదలకముందు, కొలువవలెను. కిలోమీటరు రెండు కిలోమీటర్లు నడచిన తరువాత కొలిచినది చల్లని కొలత కాదు. ఎంత గాలి యుండవలెనో డ్రైవరు తలుపు తెరచినచో లోపలి అంచున అంటించిన చీటీమీద వ్రాసియుండును. బరువు లేనప్పటికి ఒక అంకెయు, నిండు బరువునకు ఒక అంకెయు ఉండును. నుమాయిషునకు పోవునప్పుడు రెండవదానినే చూడవలెను. మన యూరిలో గాలి యంత్రము లేదు, పెట్రోలు బంకు ఆఱు కిలోమీటర్లున్నది, ఎట్లని అడుగుదురేమో. ఇంటివద్ద చిన్న గాలికొలతతో చూచి, ఎంత తక్కువైనదో కాగితముమీద వ్రాసికొనుడు. 35 ఉండవలసినచోట 30 యున్నచో లోటు 5. బంకు చేరునప్పటికి టైరు కొంత కాగి 33 చూపవచ్చును. అచ్చట 35 వరకు మాత్రమే నింపి చాలుననుకొనరాదు. 33కు 5 కలిపి 38 నింపవలెను. మరునాటి తెల్లవారుజామున చూచుకొన్నచో సరిగా 35కు వచ్చియుండును. ఇట్లే మధ్యాహ్నము కాగిన టైరు ఎక్కువ చూపుచున్నదని గాలి తీసివేయుటయు తప్పు.

నత్రజని వాయువు నింపుదుమని కొన్నిచోట్ల విడిగా రూకలు పుచ్చుకొందురు. మనము పీల్చు గాలిలోనే నూటికి 78 పాళ్లు నత్రజని. చలికి అదియు కుదించుకొనును. నెలకు రెండుమాఱులు తెల్లవారుజామున కొలిచికొను రైతునకు ఆ ఖర్చు అక్కరలేదని నా అభిప్రాయము.

ఇక ఫోర్‌వీల్ బండికే ప్రత్యేకమైన విషయమునకు వచ్చెదను. ఇది పుస్తకములో చదివి నేర్చినది కాదు. సంఘపు సొమ్ము నష్టపరచి నేర్చినది.

సామాన్యమైన బండ్లలో ఇంజను బలము రెండు చక్రములకే అందును. మన జీపులో గేరుకఱ్ఱ ప్రక్కనున్న చిన్నకఱ్ఱను లాగినచో ఆ బలము ముందు చక్రములకును అందును. అప్పుడు ముందు ఇరుసును, వెనుక ఇరుసును ఒకే త్రాట కట్టిన రెండెడ్ల వలె ఒకే వేగమున తిరుగవలసినదే. బురదలో ఇది మహోపకారము. కాని రెండెడ్లలో నొకటి బెత్తెడు ముందుకు వేయునదైనచో కాడి యేమగును?

కొన్ని యేండ్ల క్రిందట ఒక డిసెంబరులో మన జీపు వెనుక టైర్లు రెండును అరిగిపోయినవి. నాలుగును మార్చవలెనా, రెండు మార్చిన చాలునా యని పాలకవర్గమువారు నన్నడిగిరి. రెండు చాలునని చెప్పినది నేనే. నగరములోని ఒక దుకాణమున అడిగితిమి. అదే కొలత లేదనియు, కొంచెము పెద్దది కలదనియు, బండి ఎత్తుగా అందముగా నుండుననియు వారనిరి. పాతవానిపై 215/75 ఆర్ 15 అనియు, క్రొత్తవానిపై 235/75 ఆర్ 15 అనియు ఉండెను. రెంటికిని చివర 15 ఉండుటచే సరిపోవునని నేను తలయూపితిని. రిమ్ము కొలత 15 అంగుళములని మాత్రమే ఆ 15 చెప్పును. టైరు ఎత్తును అది చెప్పదు.

పదిదినములైన పిమ్మట అధ్యక్షులు, కార్యదర్శి, ఇద్దరు డైరెక్టర్లు, నేను రుణపు కాగితములతో తెల్లవారుజామున బయలుదేరితిమి. పటాన్‌చెరు వద్ద పొగమంచు క్రమ్మినది; తారురోడ్డు మంచునీటికి తడిసి మెరయుచుండెను. జారుడుగా నున్నది, ఫోర్‌వీల్ భద్రమని డ్రైవరు చిన్నకఱ్ఱను లాగెను. మేమును మంచిదే యనుకొంటిమి. మియాపూరు దాటునప్పటికి అడుగున ఒక మూలుగు వినవచ్చెను. లక్డీకాపూల్ దిగి, నాంపల్లి స్టేషను ముందునుండి ఆబిడ్స్ చేరి, పోస్టాఫీసు కూడలిలో మలుపు త్రిప్పబోగా స్టీరింగు బండరాయివలె బిగిసెను. బండి కప్పగంతులు వేసెను. డ్రైవరు చిన్నకఱ్ఱను వెనుకకు నెట్టిన కదలదు. అడుగున ఫెళ్లుమని చప్పుడై నడివీథిలో బండి నిలిచిపోయెను. వెనుక వచ్చుచున్న సిటీ బస్సు మాకు జానెడు దూరమున ఆగెను. వెనుక బల్లమీద కూర్చున్నవారు మా అధ్యక్షులు. ఆయనకప్పుడు డెబ్బది దాటినవి. బస్సు డ్రైవరు కాలు ఒక్క క్షణము ఆలస్యమైనచో ఏమగునో నేను నేటికిని తలచుకొనలేను.

ఆబిడ్స్ అనునది ఆరవ నిజాము కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిడ్ అను వర్తకుని దుకాణము పేర నిలిచిన వీథియని ఎన్నడో విన్నాను. ఆనాడు మా జీపును నలుగురు త్రోయుచుండగా ఆ వీథి యెంత పొడవో కొలిచినట్లే తెలిసినది. అధ్యక్షులు కాగితములు చంక బెట్టుకొని ట్రూప్ బజారునకు నడచిపోయిరి. నేను బండితో నాంపల్లి సందులోని ఒక ముసలి మిస్త్రీ వద్ద చిక్కుకొంటిని.

ఆయన బండిక్రింద దూరలేదు. జేబులోనుండి సుద్దముక్క తీసి ముందు టైరునకొక గీత, వెనుక టైరునకొక గీత గీసి, “ఇవి రెండు ఒక్కతీరుగ ఉన్నయా సారూ?” యని అడిగెను. “నాలుగు కాళ్ల మంచానికి రెండు కాళ్లు పొడుగు పెడితె ఎవలు పండుకుంటరు? నాలుగూ బరాబరు ఉండాలె” ననెను. ఆ తరువాత గోడమీదనే లెక్క వేసి చూపెను. పాత టైరు అడ్డుకొలత సుమారు 703 మిల్లీమీటర్లు, క్రొత్తది 733. ఒక చుట్టు తిరిగినచో పాతది 221 సెంటీమీటర్లు నడచును, క్రొత్తది 230. భేదము 9 సెంటీమీటర్లే. కాని ఒక కిలోమీటరు నడచుటకు పాతది 452 చుట్లు తిరుగవలెను, క్రొత్తదానికి 434 చాలును. కిలోమీటరునకు 18 చుట్ల తేడా! బురదలోనైనచో చక్రము కొంచెము జారి ఆ తేడాను తీర్చుకొనును. తారురోడ్డుమీద జారుటకు వీలులేదు. కావున ఆ తేడా యంతయు ఇరుసులను, పండ్లచక్రములను మెలిపెట్టును. పటాన్‌చెరునుండి ఆబిడ్స్ వరకు మేము చేసినది ఆ మెలి పెట్టుటయే. మరమ్మతునకైన ఖర్చు మేము మిగుల్చుకొన్న రెండు టైర్ల వెలకు మూడింతలు. ఆ పద్దును సర్వసభ్య సమావేశమున చదువునప్పుడు నేను నిలుచుండి ఆ సలహా నాదని ఒప్పుకొంటిని.

దీనినుండి తేలినవి రెండు. మొదటిది, తడిసిన తారురోడ్డుమీద, పొగమంచులో, చిన్నకఱ్ఱను లాగరాదు. ఫోర్‌వీల్ బండిని ముందుకు నడిపించును గాని నిలుపదు. బ్రేకు తొక్కినప్పుడు అన్ని బండ్లును నాలుగు టైర్ల పట్టుమీదనే నిలువవలెను. ఫోర్‌వీల్ బండికి అదనపు బలమేమియు రాదు. పైగా బరువైన బండి గనుక ఆగుటకు ఎక్కువ దూరము పట్టును. కళ్లములనుండి రాలిన గడ్డి, నగరములో ఒలికిన నూనె, పైన మంచునీరు, ఈ మూడును కలిసిన తెల్లవారుజామున వేగము తగ్గించుట యొక్కటే భద్రము.

రెండవది, నాలుగు టైర్లును ఒక జతగా చూడవలెను. ఒకే కొలతదైనను క్రొత్తదియు అరిగినదియు సమానము కావు. క్రొత్తదాని గాడి 8 మిల్లీమీటర్ల లోతుండును. అరిగినది 2 మిల్లీమీటర్లున్నచో అడ్డుకొలతలో 12 మిల్లీమీటర్ల భేదము వచ్చినట్లే. దీనిని ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. చదునైన కళ్లము చాలును. నాలుగింటికిని చీటీలో చెప్పినంత గాలి నింపి, బండి ఖాళీచేసి, చిన్నకఱ్ఱను టూవీల్‌లో నుంచుడు. ఒకే ప్రక్కనున్న ముందు టైరునకును వెనుక టైరునకును నేల తాకుచోట సుద్దగీత గీయుడు. బండిని తిన్నగా, మెల్లగా, ముందు చక్రము సరిగా పదిచుట్లు తిరుగువరకు నడపి నిలుపుడు. వెనుక టైరు గీతయు నేలకే వచ్చియున్నచో మేలు. చక్రములో పదవవంతు, అనగా జానెడు దూరము, ముందో వెనుకో నిలిచినచో నూటికొక పాలు భేదమున్నదన్నమాట. అంతకు మించినప్పుడు ఆ బండిని ఫోర్‌వీల్‌లో నడపనీయరాదని నేను పెట్టుకొన్న నియమము. బండితో వచ్చిన పుస్తకములో ఇంతకన్న గట్టి నియమమున్నచో దానినే పాటింపవలెను. సుమారు 8,000 కిలోమీటర్లకొకమాఱు ముందువి వెనుకకు, వెనుకవి ముందుకు మార్పించుచుండినచో నాలుగును కూడి అరుగును. స్టెప్నీయు అదే కొలతది కావలెను. దానిలో గాలి యున్నదో లేదో పంచరు పడిననాడు కాదు, ఇంటివద్దనే చూచుకొనవలెను.

క్రొత్తవి కొనునప్పుడు ఇంకొక సంగతి. టైరు ప్రక్కన చిన్న గడిలో నాలుగంకెలుండును. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును చెప్పును. 3224 అనియున్నచో 2024వ సంవత్సరపు 32వ వారమున చేయబడినది. దుకాణపు అటకమీద అయిదాఱేండ్లు పడియున్న టైరును క్రొత్తదని పుచ్చుకొనకుడు. గాడి క్రొత్తగానే యుండును గాని రబ్బరు ముదిరి ప్రక్కలు బీటలు వాఱును. మన రహదారిమీదనే సదాశివపేటలో టైర్ల కర్మాగారము నడచుచుండగా పాతసరకు మనకెందుకు? గాడులలో నడుమనడుమ చిన్న దిమ్మెలుండును. గాడి అరిగి ఆ దిమ్మెల యెత్తునకు దిగినచో లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినదన్నమాట; అంతకు తగ్గిన టైరును రోడ్డుమీద త్రిప్పుట చట్టవిరుద్ధము. నల్లరేగడిలో పనిచేయు బండికి 3 మిల్లీమీటర్లకు తగ్గినప్పుడే మార్పు ఆలోచింపవలెనని నేననుకొందును.

చలికాలమున పొలము చేయు కీడు మరియొకటి. పత్తికట్టె కొట్టిన చేను, కంది కోసిన చేను, మొక్కజొన్న కోసిన చేను ఈ దినములలో మోళ్లతో నిండియుండును. కొడవలితో ఏటవాలుగా కోసిన కందిమోడు ఎండినచో బల్లెమే. అది టైరు అడుగున గాక ప్రక్కన దిగును. ప్రక్కన పడిన గాటునకు పంచరు అతుకు నిలువదు, టైరు మార్చవలసినదే. బస్తాలు దగ్గరయగునని జీపును చేనికడ్డముగా తోలుట మానుడు. సాళ్ల నడుమనే చక్రములు పోవునట్లు నడపుడు; వీలైనచో మోళ్లను పెరికించిన తరువాతనే బండిని దింపుడు. సాయంత్రము బండి వచ్చిన పిమ్మట పిల్లవానిచేత దీపము పట్టించి టైర్ల లోపలి ప్రక్కలను గూడ చూడవలెను. సర్కారుతుమ్మ ముల్లు విరిగి లోపల నిలిచియుండును. ట్యూబు లేని టైరైనచో ముల్లు ఉన్నంతసేపు గాలి మెల్లగానే పోవును; దానిని రోడ్డుప్రక్కన తొందరపడి పెరికినచో బండి అక్కడనే కూలబడును. స్టెప్నీయో పంచరువాడో దగ్గరనున్నప్పుడే తీయుడు.

బురదలో పట్టునకై టైర్లలో గాలి కొంత తీసివేయు అలవాటు కుఱ్ఱవారిలో కలదు. అడుగు వెడల్పై పట్టు పెరుగుట నిజమే. కాని తారురోడ్డెక్కకముందు మరల నింపుకొను సాధనము చేతనున్నవారే అట్లు చేయవలెను.

రిమ్ముల సంగతి కొంచెమే. రేగడిమట్టి రిమ్ము లోపలి ప్రక్కన పట్టి ఎండినచో చక్రమునకు ఒకవైపు బరువై బండి వణకును. అలైన్‌మెంటు చెడినదని రూకలు పెట్టకముందు నీళ్లుకొట్టి ఆ మట్టిని దులుపుడు. చక్రము తీసి బిగించినప్పుడు నట్లను వరుసగా గాక ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. మరలకు నూనె పూయరాదు. 50 నుండి 100 కిలోమీటర్లు నడచిన పిమ్మట మరల ఒకమాఱు బిగువు చూడవలెను. తాతలు శీలను తట్టి చూచినది ఇందుకే.

ట్రాక్టరున్నవారికి రెండు మాటలు. ఫోర్‌వీల్ ట్రాక్టరులో ముందు టైర్లు చిన్నవి గనుక అవి వెనుకవానికంటె కొంచెము ముందుగా లాగునట్లు కర్మాగారమువారే పండ్ల లెక్క కూర్చియుందురు. ముందువాని కొలత మార్చినచో ఆ లెక్క చెడును. దుక్కి ముగిసి రోడ్డెక్కగానే ముందు చక్రముల కఱ్ఱను విడువవలెను. నాటుకు కట్టిన ఇనుపచక్రములను ఈపాటికి విప్పియుండవలెను. వానితో తారురోడ్డెక్కుట నేరము. వెనుక టైర్లలో బరువునకై నింపిన నీటిని చలిదేశములవారు గడ్డకట్టకుండ మందు కలిపి కాపాడుకొందురు. ఆదిలాబాదు చలి 5 డిగ్రీలకు దిగినను నీరు గడ్డకట్టదు గనుక మనకు మంచినీరే చాలును. యాసంగి దుక్కికి ఆ నీటిబరువు పనికివచ్చును. చెఱకు తోలుటకే ట్రాక్టరును వాడువారు తీసివేయవచ్చును.

సంఘపు గోదాములో గాలికొలతలు రెండు ఉన్నవి. సభ్యులెవరైనను పుస్తకములో చేవ్రాలు చేసి ముందునాటి సాయంకాలము తీసికొనిపోయి, మరునాడు ఎనిమిది గంటలలోపల తిరిగి యీయవలెను. సుద్దముక్కలు బల్లమీదనే యున్నవి. నుమాయిషునకు జీపు కావలసినవారు తమ తేదీని, ఎక్కువారి సంఖ్యను కార్యదర్శికి వ్రాసి యీయవలెను. ఏడుగురికి మించినచో రెండవ తేదీ యీయబడును.